పట్టికలో రెండో స్థానం, చేతిలో కప్పు: ఫుట్‌బాల్‌లో విజేతను ఎలా తేలుస్తారు?

2022 మార్చి 20 రాత్రి, గోవాలోని ఫతోర్డా స్టేడియం. ఎటు చూసినా కేరళ బ్లాస్టర్స్ అభిమానుల పసుపు చొక్కాలే. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్ కొట్టాడు, స్టేడియం ఊగిపోయింది. ఇక అయిపోయిందిలే అనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా బంతిని గాల్లో ఉండగానే తన్ని హైదరాబాద్ ఎఫ్‌సీకి స్కోరు సమం చేశాడు. అదనపు అరగంటలో ఎవరికీ గోల్ పడలేదు. పెనాల్టీ షూటౌట్‌లో హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్కులు ఆపాడు. 3-1తో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు హైదరాబాద్ చేతికొచ్చింది.

అంతకు పదమూడు రోజుల ముందే అదే లీగ్‌లో ఇంకో జట్టు కూడా ట్రోఫీ ఎత్తి ఫొటోలు దిగింది. అది జంషెడ్‌పూర్. 20 మ్యాచ్‌ల్లో 43 పాయింట్లతో పట్టికలో మొదటి స్థానం దానిదే. హైదరాబాద్‌వి 38. అంటే ఐదు పాయింట్ల వెనక ఉన్న జట్టు ఛాంపియన్ అయింది, ముందున్న జట్టు షీల్డుతో సరిపెట్టుకుంది. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంతగా చూడని మిత్రులు చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: ఫస్ట్ వచ్చినవాడు కదా గెలిచినట్టు, మరి ఇదేమిటి?

ఒక్క మాటలో చెప్పాలంటే, గెలుపు అంటే ఏమిటో పోటీ మొదలవకముందే కాగితం మీద రాసుకుంటారు. ఒక్కో పోటీ ఒక్కో రకంగా రాసుకుంటుంది. అదే గోల్స్, అవే ఫలితాలు ఉన్నా, ఆ కాగితం మారితే విజేత మారిపోయిన సందర్భాలు ఫుట్‌బాల్ చరిత్రలో కోకొల్లలు. వాటిలో కొన్నింటిని లెక్కలు వేసి చూద్దాం.

లీగ్ వేరు, కప్పు వేరు

లీగ్‌లో ప్రతి జట్టూ మిగిలిన ప్రతి జట్టుతో ఆడుతుంది. సాధారణంగా సొంత మైదానంలో ఒకసారి, ఎదుటివాళ్ల మైదానంలో ఒకసారి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు కాబట్టి ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు. చివర్లో పట్టికలో పైన ఎవరుంటే వాళ్లే ఛాంపియన్. ఫైనల్ అంటూ ఉండదు. అందుకే ఒక్కోసారి ఛాంపియన్ జట్టు ఇంట్లో కూర్చుని టీవీ చూస్తుండగానే, ప్రత్యర్థి ఇంకెక్కడో ఓడిపోయి, టైటిల్ ఖాయమైపోతుంది.

కప్పు పోటీ నాకౌట్. ఓడితే ఇంటికే. ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్ అలాంటిది. ప్రపంచకప్ ఈ రెండింటి కలగలుపు: ముందు నాలుగేసి జట్ల చిన్న చిన్న లీగ్‌లు, తర్వాత నాకౌట్.

చాలా దేశాల్లో లీగ్, కప్పు వేర్వేరు పోటీలు కాబట్టి గందరగోళం ఉండదు. ఒకే క్లబ్బు ఏడాదిలో రెండూ గెలిస్తే ‘డబుల్’ అంటారు. చిక్కల్లా ఒకే పోటీలో రెండింటినీ ఇరికించినప్పుడు వస్తుంది. ఐపీఎల్‌కు అలవాటుపడ్డ మనకు అది వింతగా అనిపించదు. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్ పట్టికలో మూడో స్థానంలో నిలిచి, ఎలిమినేటర్ నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి కప్పు కొట్టింది. అప్పుడు మనలో ఎవరికీ నియమాల మీద అనుమానం రాలేదు, గెలిచింది మనవాళ్లు కదా!

గెలుపుకు రెండా, మూడా?

ఈ రోజు ఏ లీగ్ చూసినా గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1, ఓడితే సున్నా. ఇది మొదటి నుంచీ ఉన్నది కాదు. దశాబ్దాల పాటు గెలుపుకు 2 పాయింట్లే. ఇంగ్లండ్ 1981-82 సీజన్‌లో మూడుకు మారింది. మాజీ ఆటగాడు, తర్వాత టీవీ వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్న జిమ్మీ హిల్ దీనికోసం గట్టిగా వాదించాడు. ప్రపంచకప్‌లోకి ఈ పద్ధతి 1994లో వచ్చింది.

ఒక్క పాయింటుతో ఏం మారుతుంది అనిపించవచ్చు. ఊహకు రెండు జట్లు తీసుకుందాం, వరంగల్, కర్నూలు అనుకుందాం. ఇద్దరూ 20 మ్యాచ్‌లు ఆడారు. వరంగల్ దూకుడుగా ఆడి 12 గెలిచింది, 8 ఓడింది, డ్రాలు లేవు. కర్నూలు ఆచితూచి ఆడి 8 గెలిచింది, 11 డ్రా చేసుకుంది, ఒక్కటే ఓడింది. పాత లెక్కలో వరంగల్‌కు 24, కర్నూలుకు 27. ఛాంపియన్ కర్నూలు. కొత్త లెక్కలో వరంగల్‌కు 36, కర్నూలుకు 35. ఛాంపియన్ వరంగల్. ఒక్క గోల్ కూడా అటూ ఇటూ కాలేదు.

రెండు పాయింట్ల రోజుల్లో బయటి ఊరికి వెళ్లిన జట్టు డ్రా చేసుకుని వస్తే సగం గెలిచినట్టే. మూడైతే డ్రా విలువ మూడో వంతుకు పడిపోతుంది. గోల్ కోసం ఎగబడతారని ఆశ. విమర్శకులకు ఇందులోనూ ఒక లోపం కనబడింది: 1-0 ఆధిక్యంలో ఉన్న జట్టుకు ఇప్పుడు కాపాడుకోవాల్సింది ఎక్కువైంది, కాబట్టి అది ఇంకా వెనక్కి ముడుచుకుంటుంది. నా దృష్టిలో రెండు వాదనల్లోనూ నిజం ఉంది. స్కోరు సమంగా ఉన్నంతసేపూ మొదటిది, ఎవరైనా ముందుకెళ్లాక రెండోది.

పాయింట్లు సమానమైతే: భాగహారమా, తీసివేతా?

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. 1923-24లో ఇంగ్లండ్ లీగ్ చివరి రోజుకు వచ్చేసరికి కార్డిఫ్ సిటీ పైన, హడర్స్‌ఫీల్డ్ టౌన్ దాని వెనక. కార్డిఫ్ బర్మింగ్‌హామ్‌లో ఆడింది. స్కోరు 0-0 ఉండగా వాళ్లకు పెనాల్టీ దొరికింది. లెన్ డేవిస్ తన్నిన ఆ పెనాల్టీ గోల్ కాలేదు. మ్యాచ్ 0-0గానే ముగిసింది. అటు హడర్స్‌ఫీల్డ్ 3-0తో గెలిచింది. ఇద్దరికీ 57 పాయింట్లు.

అప్పటి టైబ్రేకర్ గోల్ సగటు. కొట్టిన గోల్స్‌ను ఇచ్చుకున్న గోల్స్‌తో భాగించాలి. హడర్స్‌ఫీల్డ్ 60 కొట్టి 33 ఇచ్చింది: 60ని 33తో భాగిస్తే 1.818. కార్డిఫ్ 61 కొట్టి 34 ఇచ్చింది: 1.794. దశాంశాల్లో తేలిన తేడాతో టైటిల్ హడర్స్‌ఫీల్డ్‌కు వెళ్లింది.

ఇప్పుడు ఈనాటి పద్ధతిలో లెక్క వేయండి. భాగహారం బదులు తీసివేత, అంటే గోల్ తేడా. 60లోంచి 33 తీసేస్తే 27. 61లోంచి 34 తీసేస్తే 27. సమానం! తేడా కూడా సమానమైతే ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లు పైన. 61 కొట్టింది కార్డిఫ్. ఈనాటి నియమం అప్పుడుంటే వేల్స్ నుంచి ఇంగ్లండ్ లీగ్ గెలిచిన మొదటి క్లబ్బుగా కార్డిఫ్ చరిత్రలో ఉండేది. ఇప్పటికీ ఆ ఘనత ఏ వెల్ష్ క్లబ్బుకూ దక్కలేదు.

భాగహారంతో చిక్కేమిటంటే, అది డిఫెన్స్‌కు కొమ్ముకాస్తుంది. 40 కొట్టి 10 ఇచ్చుకున్న జట్టు సగటు 4. 90 కొట్టి 45 ఇచ్చుకున్న జట్టు సగటు 2 మాత్రమే, తేడాలో చూస్తే 45 కాబట్టి రెండోదే మిన్న. అందుకే 1976-77 నుంచి ఇంగ్లండ్ గోల్ తేడాకు మారింది. మన క్రికెట్ అభిమానులు నెట్ రన్‌రేట్‌తో పడే తంటాలతో పోలిస్తే ఇది ఒకటో తరగతి లెక్క.

తేడా కూడా సమానమైన సందర్భం నిజంగా వచ్చింది. 1989 మే 26, లివర్‌పూల్ సొంత మైదానం యాన్‌ఫీల్డ్. సీజన్‌లో చివరి మ్యాచ్. లివర్‌పూల్‌కు 76 పాయింట్లు, గోల్ తేడా 39. ఆర్సెనల్‌కు 73, తేడా 35. ఆర్సెనల్ గెలిస్తే పాయింట్లు సమానం. కానీ 1-0తో గెలిస్తే తేడా ఒకరిది 36, ఇంకొకరిది 38. అంటే లివర్‌పూల్ 1-0తో ఓడినా ఛాంపియనే. రెండు గోల్స్ తేడాతో గెలిస్తే ఇద్దరిదీ 37, అప్పుడు ఎక్కువ గోల్స్ కొట్టిన ఆర్సెనల్‌ది పైచేయి. రెండో సగంలో అలన్ స్మిత్ ఒకటి కొట్టాడు. ఆ తర్వాత గడియారం నడుస్తూనే ఉంది. తొంభై నిమిషాలు దాటాక మైకెల్ థామస్ రెండోది కొట్టాడు. 73 గోల్స్ కొట్టినవాళ్లు 65 కొట్టినవాళ్ల మీద నెగ్గారు. ఓడిపోతూ కూడా టైటిల్ దక్కించుకుంటున్న జట్టు, చివరి నిమిషంలో అదే ఓటమిలో మరో గోల్ తిని టైటిల్ పోగొట్టుకోవడం లీగ్ ఫుట్‌బాల్‌లో తప్ప మరెక్కడ చూస్తాం?

ముఖాముఖి: స్పెయిన్ దారి వేరు

స్పెయిన్‌లో పాయింట్లు సమానమైతే ముందు చూసేది ఆ రెండు జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌లు. 2006-07లో రియల్ మాడ్రిడ్, బార్సిలోనా రెండూ 76 పాయింట్లతో ముగించాయి. బార్సిలోనా గోల్ తేడా 45, రియల్‌ది 26. ఇంగ్లండ్ నియమమైతే బార్సిలోనా తిరుగులేని ఛాంపియన్. కానీ ఆ సీజన్‌లో మాడ్రిడ్‌లో రియల్ 2-0తో గెలిచింది, బార్సిలోనాలో 3-3 డ్రా. ముఖాముఖిలో రియల్‌ది పైచేయి, టైటిల్ రియల్‌కే.

ఏది న్యాయం? ముఖాముఖిని సమర్థించేవాళ్లు అంటారు: గోల్ తేడా అంటే అడుగున ఉన్న జట్టును 7-0తో బాదినవాడికి బహుమతి ఇవ్వడం, పోటీ ఉన్నది ఇద్దరి మధ్య కాబట్టి ఆ ఇద్దరి మ్యాచ్‌లే చూడాలి. వ్యతిరేకించేవాళ్లు అంటారు: 38 మ్యాచ్‌లు ఆడించి, చివరికి రెండే మ్యాచ్‌లతో తేలిస్తే మిగిలిన 36 ఎందుకు? నేను ఇంగ్లండ్ పక్షమే. లీగ్ అన్నాక ప్రతి మ్యాచ్‌కీ సమాన విలువ ఉండాలన్నది దాని పునాది. అయితే ఆఖరి రోజు ఎవరో నీరసంగా ఆడిన జట్టు మీద పడి గోల్స్ పోగేసుకునే అవకాశం ముఖాముఖిలో ఉండదన్నదీ కాదనలేని మాట. ఇటలీ 2022-23 నుంచి ఇంకో దారి పట్టింది. మొదటి స్థానానికి రెండు జట్లు సమానంగా ఉంటే లెక్కలేవీ లేకుండా ఒక్క మ్యాచ్ ఆడించి తేల్చేస్తుంది.

పసుపు కార్డులు, చీటీలు

ప్రపంచకప్ గ్రూపులో మూడే మ్యాచ్‌లు. అంత తక్కువ ఆటలో అన్నీ సమానమైపోవడం తరచూ జరుగుతుంది. 1990లో ఐర్లాండ్, నెదర్లాండ్స్ మూడు మ్యాచ్‌లూ డ్రా చేసుకున్నాయి, రెండూ రెండేసి గోల్స్ కొట్టి రెండేసి ఇచ్చుకున్నాయి, తమలో తాము ఆడింది 1-1. ఇక మిగిలింది చీటీ. ఐర్లాండ్‌కు రెండో స్థానం వచ్చి రొమేనియాతో ఆడింది. నెదర్లాండ్స్‌కు మూడో స్థానం వచ్చి పశ్చిమ జర్మనీకి ఎదురుపడింది, ఓడింది. ఆ ఏడాది కప్పు గెలిచింది ఆ జర్మనీయే.

చీటీ కన్నా మెరుగైనదేదో కావాలని క్రమశిక్షణను లెక్కలోకి తెచ్చారు. 2018లో జపాన్, సెనెగల్ పాయింట్లు 4-4, గోల్స్ నాలుగేసి, ముఖాముఖి 2-2. జపాన్‌కు పసుపు కార్డులు నాలుగు, సెనెగల్‌కు ఆరు. జపాన్ ముందుకెళ్లింది. ఎలా వెళ్లిందో చూస్తే ముచ్చటేస్తుంది, చిరాకూ వేస్తుంది. చివరి మ్యాచ్‌లో పోలండ్ చేతిలో 0-1తో వెనకబడి ఉంది జపాన్. అటు సెనెగల్ కూడా కొలంబియా చేతిలో 0-1తో వెనకబడిందని కబురొచ్చింది. అంతే, చివరి పది నిమిషాలు జపాన్ ఆటగాళ్లు గోల్ వైపు వెళ్లడం మానేసి, తమ వెనక వరసలోనే బంతిని ఒకరికొకరు ఇచ్చుకుంటూ కాలం వెళ్లబుచ్చారు. ఒక ఫౌల్ చేస్తే కార్డు పడుతుందేమోనని భయం. ఓడిపోతున్న జట్టే టైంపాస్ చేయడం! స్టేడియం ఈలలతో హోరెత్తింది. సెనెగల్ ఒక్క గోల్ కొట్టుంటే జపాన్ పరువూ పోయేది, టికెట్టూ పోయేది.

గ్రూపులోని చివరి రెండు మ్యాచ్‌లు ఒకే సమయానికి మొదలవడానికి కూడా ఇలాంటి ఒక పాత మచ్చే కారణం. 1982లో అల్జీరియా తన మ్యాచ్‌లు ముందే ముగించుకుంది. మర్నాడు హీహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా మైదానంలోకి దిగే సరికి, జర్మనీ ఒకటి రెండు గోల్స్ తేడాతో గెలిస్తే ఇద్దరూ ముందుకెళ్తారని లెక్క తేలిపోయి ఉంది. పదో నిమిషం దాటగానే జర్మనీ గోల్ కొట్టింది. మిగిలిన ఆట అంతా రెండు జట్లూ షికారు చేసినట్టు సాగింది. అల్జీరియా ఇంటికి వెళ్లింది.

జట్లు పెరిగేకొద్దీ ఇంకో చిక్కు. 24 జట్ల 2016 యూరో కప్పులో ఆరు గ్రూపుల నుంచి మూడో స్థానంలో నిలిచిన నలుగురికి కూడా చోటిచ్చారు. అలా మూడు డ్రాలతో, మూడో స్థానంతో బతికిబట్టకట్టిన పోర్చుగల్ చివరికి కప్పే ఎత్తింది. ఏడు మ్యాచ్‌ల్లో తొంభై నిమిషాల్లోపు గెలిచింది ఒక్కటే, సెమీఫైనల్‌లో వేల్స్ మీద. 48 జట్లతో జరిగే 2026 ప్రపంచకప్‌లోనూ ఇదే తరహా: 12 గ్రూపులు, మూడో స్థానాల్లో మెరుగైన ఎనిమిదింటికి అవకాశం. ఒకరితో ఒకరు ఎప్పుడూ తలపడని జట్లను పక్కపక్కన పెట్టి పోల్చడం అన్నమాట.

నాణెం బురదలో నిలబడ్డ రోజు

నాకౌట్‌లో డ్రాకు చోటు లేదు. ఎవరో ఒకరు పోవాలి. 1965లో యూరోపియన్ కప్ క్వార్టర్ ఫైనల్‌లో లివర్‌పూల్, జర్మనీ క్లబ్బు కోల్న్ రెండుసార్లు ఆడి రెండుసార్లూ 0-0తో ముగించాయి. మూడో మ్యాచ్ తటస్థంగా రోటర్‌డామ్‌లో పెట్టారు. అదీ 2-2. అలసిన కెప్టెన్ల మధ్య రిఫరీ ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు తెలుపు ఉన్న బిళ్లను ఎగరేశాడు. అది నేరుగా వచ్చి బురదలో అంచు మీద నిలబడింది! మళ్లీ ఎగరేస్తే ఎరుపు పడింది, లివర్‌పూల్ సెమీస్‌కు వెళ్లింది. 1968 యూరో కప్పు సెమీఫైనల్‌లో ఇటలీ కూడా సోవియట్ యూనియన్ మీద నాణెంతోనే నెగ్గి, తర్వాత ఛాంపియన్ అయింది.

అదే ఏడాది ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ జట్టు చీటీ కలిసిరాక ఇంటిదారి పట్టింది. ఆ దేశ ఫుట్‌బాల్ అధికారి యోసెఫ్ డగన్ పెనాల్టీ షూటౌట్ ఆలోచనను ముందుకు తెచ్చాడు. 1970లో ఆట నియమాల మండలి దాన్ని ఆమోదించింది. షూటౌట్‌ను లాటరీ అని తిట్టేవాళ్లు, దాని ముందు నిజంగానే లాటరీ ఉండేదన్న సంగతి మరచిపోతారు.

ఒక సూక్ష్మం మాత్రం గుర్తుంచుకోవాలి. నియమాల ప్రకారం షూటౌట్ మ్యాచ్‌లో భాగం కాదు. 2022 ప్రపంచకప్ ఫైనల్ అధికారిక స్కోరు ఇప్పటికీ 3-3, అంటే డ్రా. షూటౌట్ ముందుకెళ్లేది ఎవరో, కప్పు ఎవరిదో తేల్చే పద్ధతి మాత్రమే. అందుకే ఆ రాత్రి షూటౌట్‌లో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే కొట్టిన పెనాల్టీ, ఆ టోర్నీలో అతని ఎనిమిది గోల్స్ లెక్కలో లేదు.

సొంత మైదానంలో ఒకటి, బయట ఒకటి ఆడే రెండు అంచెల నాకౌట్‌లో ఇంకో నియమం ఉండేది. మొత్తం స్కోరు సమానమైతే బయటి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లు నెగ్గినట్టు. 2003 ఛాంపియన్స్ లీగ్ సెమీస్‌లో ఏసీ మిలాన్, ఇంటర్ తలపడ్డాయి. ఇద్దరి సొంత మైదానమూ ఒకటే, సాన్ సీరో. మొదటిది 0-0, రెండోది 1-1. రెండో మ్యాచ్‌కు ఆతిథ్యం ఇంటర్‌ది కాబట్టి ఏసీ మిలాన్ తన సొంత ఇంట్లో కొట్టిన గోల్ ‘బయటి గోల్’ అయింది, ఫైనల్‌కు తీసుకెళ్లింది. ఐరోపా సంఘం 2021లో ఆ నియమాన్ని ఎత్తేసింది.

తన గోల్ తానే కొట్టుకుంటే లాభం వచ్చిన రోజు

నియమం రాసేవాడు ఏమరుపాటుగా ఉంటే ఏమవుతుందో చెప్పడానికి 1994 జనవరిలో కరీబియన్ కప్ అర్హత మ్యాచ్‌ను మించినది లేదు. బార్బడోస్, గ్రెనడా తలపడ్డాయి. నిర్వాహకులు రెండు విషయాలు రాసుకున్నారు. ఒకటి, ప్రతి మ్యాచ్‌కూ విజేత తేలాల్సిందే, గ్రూపు మ్యాచ్ అయినా సరే. రెండు, అదనపు సమయంలో పడే గోల్డెన్ గోల్‌తో మ్యాచ్ ముగుస్తుంది, పైగా ఆ గోల్‌ను రెండు గోల్స్‌గా లెక్కిస్తారు.

బార్బడోస్ ముందుకెళ్లాలంటే రెండు గోల్స్ తేడాతో గెలవాలి. 2-0 దాకా హాయిగా వచ్చింది. 83వ నిమిషంలో గ్రెనడా ఒకటి కొట్టింది: 2-1. ఈ స్కోరుతో ముగిస్తే బార్బడోస్ గెలిచీ ఇంటికి పోతుంది. మిగిలిన నిమిషాల్లో గ్రెనడా గోడకట్టినట్టు నిలబడింది. అప్పుడు బార్బడోస్ వాళ్లకు వెలిగింది. 2-2 అయితే అదనపు సమయం వస్తుంది, అందులో ఒక్క గోల్ కొడితే 4-2, కావలసిన రెండు గోల్స్ తేడా చేతికొస్తుంది. 87వ నిమిషంలో బార్బడోస్ డిఫెండర్, గోల్‌కీపర్ బంతిని ఒకరికొకరు ఇచ్చుకుని, తమ నెట్‌లోకే తన్నేశారు.

గ్రెనడాకు విషయం అర్థం కావడానికి క్షణం పట్టింది. ఇప్పుడు వాళ్లకు కావలసింది ఒక్క గోల్, ఏ వైపైనా సరే! బార్బడోస్ గోల్‌లో వేస్తే 3-2తో గెలుపు. తమ గోల్‌లోనే వేసుకుంటే 3-2తో ఓటమి, అంటే ఒక్క గోల్ తేడాయే, అప్పుడూ ముందుకెళ్లేది గ్రెనడాయే. దాంతో చివరి నిమిషాల్లో గ్రెనడా రెండు గోల్స్ వైపూ దాడి చేస్తుంటే, బార్బడోస్ ఆటగాళ్లు మైదానం రెండు చివర్లా కాపలా కాశారు, ప్రత్యర్థి గోల్‌ను కూడా ప్రత్యర్థి నుంచే కాపాడుతూ! అదనపు సమయంలో బార్బడోస్ గోల్డెన్ గోల్ కొట్టింది. 4-2. గ్రెనడా ఇంటికి.

నవ్వొస్తుంది గానీ, బార్బడోస్ ఆటగాళ్లు నియమాన్ని ఉల్లంఘించలేదు, దాన్ని చివరి అక్షరం దాకా చదివారు. యాన్‌ఫీల్డ్‌లో ఆర్సెనల్‌కు రెండు గోల్స్ కావలసి వచ్చినప్పుడు అది పోరాటం అయింది, ఇక్కడ ప్రహసనం అయింది. గోల్డెన్ గోల్ కూడా ఎక్కువ కాలం బతకలేదు. 1996, 2000 యూరో ఫైనల్స్‌ను తేల్చి, 2004 తర్వాత నియమాల్లోంచి మాయమైంది.

షీల్డా, కప్పా?

ఇప్పుడు మళ్లీ ఫతోర్డాకు వద్దాం. ఐఎస్ఎల్ 2014లో మొదలైనప్పుడు ఐపీఎల్‌లాగే ప్లేఆఫ్ గెలిచినవాళ్లే ఛాంపియన్. 2019-20 నుంచి పట్టికలో మొదటి స్థానానికి లీగ్ విన్నర్స్ షీల్డ్ పెట్టారు. మొదట అందుకున్నది ఎఫ్‌సీ గోవా. ఆసియా ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశలో ఆడిన తొలి భారతీయ క్లబ్బుగా గోవా నిలిచింది షీల్డు బలంతోనే. ఆ ఏడాది కప్పు గెలిచింది ఏటీకే.

డబ్బు సంగతి మాత్రం తిరగబడి ఉంది. 2021-22లో షీల్డుకు 3.5 కోట్ల రూపాయలు, కప్పుకు 6 కోట్లు. ఆసియాకు పంపేటప్పుడు షీల్డు పెద్దది, బ్యాంకుకు వెళ్లేటప్పుడు కప్పు పెద్దది. నిర్వాహకులకే తేలని ప్రశ్నను అభిమానుల మీద వదిలేశారనిపిస్తుంది.

దీన్ని అద్దంలా చూపించిన సీజన్ 2023-24. ఏప్రిల్ 15న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో ముంబై సిటీని మోహన్ బగాన్ 2-1తో ఓడించి, 48-47 పాయింట్లతో షీల్డు అందుకుంది. పందొమ్మిది రోజుల తర్వాత, మే 4న, అదే స్టేడియంలో, అవే రెండు జట్ల మధ్య ఫైనల్. ముంబై 3-1తో గెలిచి కప్పు పట్టుకెళ్లింది. మరుసటి ఏడాది మోహన్ బగాన్ రెండూ గెలిచి ఆ వాదనకే తావు లేకుండా చేసింది.

అమెరికా లీగ్ ఎంఎల్ఎస్‌లోనూ ఇదే కథ. 2024లో మెస్సీ ఆడే ఇంటర్ మయామి రికార్డు స్థాయిలో 74 పాయింట్లతో సపోర్టర్స్ షీల్డ్ గెలిచి, ప్లేఆఫ్ మొదటి రౌండులోనే అట్లాంటా చేతిలో ఓడి ఇంటికెళ్లింది. ప్లేఆఫ్ ఉండాలనేవాళ్ల వాదన సులువైనది: ఐదో వారానికే ఎవరు గెలుస్తారో తెలిసిపోయే లీగ్‌కు జనం రారు, ఫైనల్ ఉంటే చివరి రోజు దాకా ఉత్కంఠ ఉంటుంది, నాలుగో స్థానంలో ఉన్నవాడికీ ఆశ ఉంటుంది. వద్దనేవాళ్లది ఒకటే మాట: ఆరు నెలల కష్టాన్ని ఒక్క రాత్రి తుడిచేయకూడదు. జంషెడ్‌పూర్ అభిమానిని అడిగితే రెండోదే చెబుతాడు. ఐదు నెలల్లో మూడే మ్యాచ్‌లు ఓడిన జట్టు, నాలుగో స్థానంలో ఉన్న కేరళ చేతిలో సెమీస్‌లో మొత్తం 2-1తో ఓడి ఆగిపోయింది. హైదరాబాద్ అభిమానిగా నాకు ఆ కప్పు మీద ప్రేమ తగ్గదు గానీ, ఆ ఏడాది మెరుగైన జట్టు ఏదంటే జంషెడ్‌పూర్ పేరే చెప్పాల్సి వస్తుంది.

మైదానంలో ఏప్రిల్‌లో, లోజాన్‌లో జులైలో

కొన్నిసార్లు విజేతను బంతీ తేల్చదు, లెక్కా తేల్చదు. 2025 ఏప్రిల్ 6న, మన దేశంలో ఐఎస్ఎల్ తర్వాతి స్థాయి పోటీ ఐ-లీగ్ ముగిసేసరికి చర్చిల్ బ్రదర్స్‌కు 40 పాయింట్లు, ఇంటర్ కాశీకి 39. కానీ జనవరిలో నామ్‌ధారీతో తాము ఓడిన మ్యాచ్‌లో, సస్పెన్షన్‌లో ఉండాల్సిన ఆటగాణ్ణి నామ్‌ధారీ దించిందని కాశీ ఫిర్యాదు అప్పటికే నడుస్తోంది. క్రమశిక్షణ కమిటీ కాశీ వైపు తీర్పిచ్చింది, అప్పీళ్ల కమిటీ దాన్ని తిరగదోడింది. ఆ మూడు పాయింట్లు కలిస్తే కాశీ ఛాంపియన్, కలవకపోతే చర్చిల్. చర్చిల్‌ను విజేతగా ప్రకటించి ట్రోఫీ కూడా ఇచ్చారు. కాశీ స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉన్న క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. మరో ఆటగాడి రిజిస్ట్రేషన్ గొడవ కూడా అందులో కలిసింది. జులైలో తీర్పు వచ్చింది: ఇంటర్ కాశీయే ఛాంపియన్.

సంబరాలు ఒకరు చేసుకున్నాక టైటిల్ ఇంకొకరికి వెళ్లడం ఎవరికీ తృప్తినివ్వదు. అలాగని, అర్హత లేని ఆటగాణ్ణి దించినా ఫలితం మారదంటే నియమం ఎందుకు?

ఒక్క పోటీ, మూడు ట్రోఫీలు

చివరగా చేతికందే వస్తువు సంగతి. పట్టిక కాగితం మీదిది, ట్రోఫీ బరువున్నది. ప్రపంచకప్ ట్రోఫీ 6.175 కిలోలు. గెలిచిన దేశం దాన్ని ఇంటికి తీసుకుపోదు. అసలుది ఫిఫా దగ్గరే ఉంటుంది, విజేతకు బంగారు పూత పూసిన కంచు ప్రతిరూపం ఇస్తారు. పూర్వం అలా కాదు. మూడుసార్లు గెలిచినవాళ్లు ఉంచుకోవచ్చన్న నియమంతో 1970లో బ్రెజిల్ జూల్ రిమే కప్పును సొంతం చేసుకుంది. 1983లో అది రియోలో దొంగల పాలైంది, మళ్లీ దొరకలేదు.

లీగ్‌లకు ఇంకో ఇబ్బంది. చివరి రోజు రెండు ఊళ్లలో రెండు జట్లూ రేసులో ఉంటే ట్రోఫీ ఎక్కడికి పంపాలి? 2012 మే 13న మాంచెస్టర్ సిటీ, యునైటెడ్ రెండూ 89 పాయింట్లతో ముగించాయి. 93 నిమిషాలు దాటాక అగ్వెరో కొట్టిన గోల్‌తో, గోల్ తేడా 64కు 56గా సిటీకి దక్కింది. ఇలాంటి రోజుల కోసమే ఒకేలా ఉండే ట్రోఫీలు రెండు సిద్ధంగా ఉంచుతారు.

మన డ్యూరాండ్ కప్పు వేరే తరహా. 1888లో మొదలైన ఈ పోటీలో విజేతకు ఒకటి కాదు, మూడు ట్రోఫీలు. డ్యూరాండ్ కప్పు, 1904లో సిమ్లా పౌరులు ఇచ్చిన సిమ్లా ట్రోఫీ తిరిగి ఇచ్చేయాలి. రాష్ట్రపతి కప్పు మాత్రం ఉంచుకోవచ్చు. ఒకప్పుడు అది వైస్రాయ్ పేరున ఉండేది. 1960లో, 1982లో ఫైనల్ ఆడిన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మధ్య ఫలితం తేలక ఇద్దరినీ సంయుక్త విజేతలుగా ప్రకటించారు. ఈ రోజుల్లో అలాంటి పరిష్కారాన్ని ఏ టీవీ చానలూ ఒప్పుకోదు. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950, 1954, 1957ల్లో ఈ కప్పు గెలిచింది. 1961లో ఆంధ్ర పోలీస్ పేరుతో మళ్లీ గెలిచింది.

పేరు మారిన జట్టు గెలిచిన కప్పు ఎవరి ఖాతాలో వేయాలన్నది హైదరాబాద్‌కు కొత్త ప్రశ్న కాదన్నమాట. ఫతోర్డాలో కప్పు ఎత్తిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఊరు మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. 2021-22 విజేత గడిలో మాత్రం ఇప్పటికీ హైదరాబాద్ అనే ఉంది, పట్టికలో రెండో వరసలో, 38 పాయింట్లతో.